కొండదారులు – 6: జయపురం విమానం, అరకు డోలీ

పోయిన భాగంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డు గురించి రాశాను. అది చదివి ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు నన్ను సూటిగా అడిగాడు. "అన్నా, నువ్వింకా వెట్టి రోడ్ల దగ్గరే ఉన్నావు. మా పక్కన జయపురానికి విమానమే వచ్చేసింది. అది మంచిదా చెడ్డదా, ఒక్క మాటలో చెప్పు." అతనిది హుకుంపేట వైపు. ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకే ఇస్తున్నాను.

జయపురం అంటే రాజస్థాన్ జైపూర్ అనుకోకండి. ఇది ఒడిశా కోరాపుట్ జిల్లాలోని పట్నం. అరకులో కిరండూల్ రైలెక్కితే గోరాపూర్, దార్లిపుట్, పాడువ, మచ్‌కుండ్ రోడ్ దాటి, కోరాపుట్ మీదుగా అక్కడికే పోతాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అంటే ఈ సరిహద్దు గీతకు ఇంకా వందేళ్లు నిండలేదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు గదబలు, పరజలు, కోదులే. సంతలు కూడా వాళ్లవే.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను, యూనివర్సిటీ పిల్లలు క్షమించాలి. మీ సైన్స్ కాలేజీ పేరు ఒకసారి పూర్తిగా చదవండి. జయపూర్ విక్రమదేవ్ కాలేజ్. ఆ విక్రమదేవ వర్మ జయపురం మహారాజు. ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. ఆయన దాతృత్వాన్ని కాదనను. కానీ జమీందారు ఖజానాలోకి డబ్బు ఆకాశం నుంచి రాదు. కొండల్లో పోడు కొట్టుకుని, రాగులు, సాములు పండించుకునేవాళ్లు కట్టిన శిస్తుల నుంచి వచ్చింది. సముద్రం ఒడ్డున ల్యాబులు లేచాయి. ఆ శిస్తు కట్టిన ఊళ్లలో బడి లేవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కొండ సొమ్ముతో మైదానంలో వసతి అనే ఈ లెక్క ఈ భాగంలో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక విమానాశ్రయం దగ్గరకొద్దాం. జయపురంలో ఉన్నది పాత ప్రభుత్వ ఎయిర్‌స్ట్రిప్. దాన్ని బాగుచేసి, లైసెన్సు తెచ్చి, 2022 అక్టోబరు 31న భువనేశ్వర్ నుంచి విమానం మొదలుపెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ జెండా ఊపారు. ఆ తర్వాత జయపురం నుంచి వైజాగ్‌కూ నడిపారు. కంపెనీ ఇండియావన్ ఎయిర్. విమానం సెస్నా గ్రాండ్ కారవాన్. ఒకటే ఇంజను, ముందు ఒకటే పంకా, 9 సీట్లు. మన ఘాట్ రోడ్డు జీపులో సంతరోజు ఎక్కేంత మంది కూడా పట్టరు. రన్‌వే సుమారు 1,200 మీటర్లు. వైజాగ్ రన్‌వే 3,000 మీటర్లకు పైనే. పెద్ద జెట్ విమానం దిగాలంటే అంత పొడవు కావాలి కాబట్టి జయపురంలో అది దిగలేదు. కారవాన్‌ను చేసిందే ఇలాంటి పొట్టి నేలల కోసం.

ఇలాంటి చోట ఇంకో సంగతి ఉంటుంది. పెద్ద విమానాశ్రయాల్లో మబ్బుల్లోంచి విమానాన్ని రేడియో కిరణాలతో నేలకు దించే యంత్రాలుంటాయి. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో అవి ఉండవు. పైలట్ తన కళ్లతో చూసి దిగాలి. అందుకు సుమారు 5 కిలోమీటర్ల దాకా చూపు ఆనాలి. డిసెంబరులో అరకు, కోరాపుట్ వైపు పొద్దున్న ఎనిమిదింటికి ఎదుటి చెట్టు కనపడని రోజులు మీకు తెలుసు. ఆషాఢం, శ్రావణం సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే దారులు కోసుకుపోయి, గెడ్డలు పొంగి, విమానం అవసరం ఎక్కువగా పడే రోజుల్లోనే దానికి ఎగరడం కష్టం.

దీని వెనకున్న పథకం పేరు ఉడాన్. 2016లో ప్రకటించారు, 2017 ఏప్రిల్‌లో సిమ్లాలో మొదటి విమానం లేచింది. హవాయి చెప్పులు వేసుకున్న మనిషిని హవాయి జహాజులో చూడాలని ప్రధాని ఆ రోజు అన్నారు. మాట బాగుంది. వినగానే కడుపు నిండుతుంది. గంట ప్రయాణానికి సుమారు ₹2,500 అని అప్పట్లో పెట్టిన గరిష్ఠ ఛార్జీనే తీసుకుని లెక్క వేయండి. జయపురం విమానం లేచిన 2022–23లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకు ₹222. ఆంధ్రలో ₹257. కోరాపుట్ కూలీ మనిషి ఒక గంట గాల్లో ఉండాలంటే పదకొండు రోజులు నేల తవ్వాలి, ఆ పదకొండు రోజులూ ఏమీ తినకుండా. హవాయి చెప్పులు కూడా అందరికీ లేవన్న సంగతి నేను గుర్తుచేయక్కర్లేదు.

పథకం ఎలా నడుస్తుందో విద్యార్థులు తెలుసుకోవాలి, ఎందుకంటే ఇది మన డబ్బు. పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద కేంద్రం సుంకం వసూలు చేస్తుంది. ఆ నిధి నుంచి చిన్న రూట్లలో నడిపే కంపెనీకి నష్టం పూడుస్తుంది. అందులో 20 శాతం రాష్ట్రం భరించాలి. ఆ రూటులో వేరే కంపెనీ పోటీకి రాకుండా మూడేళ్లు హక్కు ఇస్తుంది. మూడేళ్ల తర్వాత సబ్సిడీ ఆగుతుంది, కంపెనీ తన కాళ్ల మీద నిలబడాలి. నిలబడ్డాయా? 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక లెక్క ఇది. మొదటి మూడు విడతల్లో 774 రూట్లు ఇస్తే 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. మూడేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నవి 54. జయపురం విమానం మొదలైంది 2022లో అని గుర్తుపెట్టుకుని మిగతా లెక్క మీరే వేసుకోండి.

నన్ను ఎక్కువ ఆపింది ఈ లెక్క కాదు, ఒప్పందంలో రాష్ట్రాలు ఒప్పుకున్న ఇంకో భాగం. ఉడాన్ విమానాశ్రయానికి రాష్ట్రం పోలీసులను, ఫైరింజన్‌ను పైసా తీసుకోకుండా ఇవ్వాలి. కరెంటు, నీళ్లు బాగా తగ్గించిన ధరకు ఇవ్వాలి. విమానాశ్రయం లైసెన్సు కావాలంటే ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ప్రణాళిక ఉండాలి. ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అంబులెన్సు ఎక్కడి నుంచి వస్తుంది, మంటలార్పే బండి ఎన్ని నిమిషాల్లో చేరుతుంది, అన్నీ ముందే రాసి చూపించాలి. ఇవేవీ లేకపోతే విమానం లేవదు. 9 మంది ప్రాణాలకు ఈ రాజ్యం అంత జాగ్రత్త పడుతుంది. పడాలి కూడా. అందులో నాకే అభ్యంతరమూ లేదు.

అదే రాజ్యం అనంతగిరి, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల కొండ మీది ఊరికి ఏ ప్రణాళికా అడగదు. నొప్పులొచ్చిన మనిషిని పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని, గెడ్డలు దాటి దిగుతారు. 108 బండి రోడ్డు ఎక్కడ ఆగిందో అక్కడ నిలబడి ఉంటుంది. మన పత్రికల్లో దీనికి 'డోలీ మోత' అని ఒక శీర్షికే స్థిరపడిపోయింది. వార్తకు రెడీమేడ్ హెడ్డింగు ఉందంటేనే అది ఎంత మామూలైపోయిందో చూడండి.

డోలీకి ఒక చరిత్ర ఉంది, అది రోగులతో మొదలవలేదు. తెల్లదొరల కాలంలో ఏజెన్సీలో బండి దారులు లేని చోటికి అధికారి సర్కీటు కొస్తే ఆయన సామాను, ఒక్కోసారి ఆయన్ని కూడా, మోసింది కొండవాళ్లే. ముఠాదారుకు కబురొస్తే ఊరి మగాళ్లు కర్ర భుజానికెత్తుకోవాలి. దాన్నే వెట్టి అన్నారు. తర్వాత అధికారి నడవకుండా ఉండడానికి రోడ్డు కావాల్సొచ్చింది. ఆ రోడ్డూ వెట్టితోనే వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ రోడ్డు పనుల్లో పెట్టిన బాధలు పోయిన భాగంలో రాశాను కదా. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిన మనుషుల కోపంలో ఆ రోడ్డు ఉంది. ఇది మర్చిపోతే మన్యం తిరుగుబాటు ఒక్క వీరుడి సినిమా కథ అయిపోతుంది.

ఆ వీరుడి పేరు ఇప్పుడు భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయానికి పెట్టారు. అల్లూరి సీతారామరాజు మీద నాకు గౌరవం ఉంది. కానీ గమనించండి. రోడ్డు వెట్టికి ఎదురు తిరిగిన పోరాటం పేరు సముద్రం ఒడ్డున రన్‌వేకి వెళ్లింది. ఆయనతో నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఆ చర్చలో నేనెక్కడా వినలేదు. మల్లుదొర జైలు నుంచి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి. ఆయన పేరు తెలిసినవాళ్లు ఇది చదువుతున్నవాళ్లలో ఎంతమంది?

రోడ్డు తర్వాత వచ్చింది కరెంటు. మచ్‌కుండ్ మీద జలాపుట్ జలాశయం కట్టి, డుడుమ దగ్గర 1955లో విద్యుత్తు తీశారు. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. మునిగినవి ఆదివాసీ, దళిత ఊళ్లు. వెలిగింది ముందుగా మైదానం. ఆ తర్వాత రైలు. అరకు రైలును మనం అద్దాల పెట్టె ఫొటోల్లో చూసి అది పర్యాటకుల కోసం వేశారనుకుంటాం. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి. అది కొత్తవలస–కిరండూల్ లైనుకు పునాది. 58 సొరంగాలు తవ్వారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ చాలాకాలం బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనని చెప్పుకున్నారు. కొండను అంతగా తొలిచింది కొండవాడు సంతకు పోవడానికి కాదు. ఆ లైను మీద నేను చాలాసార్లు తిరిగాను. ప్యాసింజరును పక్కకు ఆపి ఖనిజం రేకును వదలడం చూడనివాళ్లు ఆ బండిలో ఉండరు. మా బోగీలో కోళ్లు, అల్లం మూటలు, చంటిపిల్లలు. పక్క పట్టాల మీద ఎర్రమట్టి రాజాలా పోతుంటుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఖనిజం కోసమే వేసినా జనం ఆ లైనును తమది చేసుకున్నారు. కారణం చిన్నదే. అందులో ఒక ప్యాసింజరు బండి ఉంది, దానికి చౌక టికెట్టు ఉంది, చిన్న చిన్న స్టేషన్లలో కూడా ఆగుతుంది. వసతి ఎవరికోసం కట్టారన్నది ఒక ప్రశ్న. అందులో మనకు ఒక్క పెట్టె అయినా తగిలించారా అన్నది ఇంకో ప్రశ్న. జయపురం విమానానికి ఆ పెట్టె లేదు.

ఇంకొకటి. విమానం ఒంటికి వాడేది ఎక్కువగా అల్యూమినియం. అల్యూమినియానికి మూలం బాక్సైట్. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద నాల్కో తవ్వేది అదే. దామన్‌జోడిలో దాన్ని అల్యూమినా చేస్తారు. అది కూడా వైజాగ్ రేవుకే దిగుతుంది. కోరాపుట్ పక్కన సునాబెడలో 1960ల నుంచి మిగ్ యుద్ధ విమానాల ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది. అంటే ఈ కొండలకు విమానం కొత్తేమీ కాదు. లోహమూ ఇంజనూ ఇక్కడి నుంచి దశాబ్దాలుగా పోతూనే ఉన్నాయి. 2022 దాకా రానిది టికెట్ కౌంటరే. మన వైపు అలాంటి తవ్వకాలు మరింత ముందుకు పోకుండా నిలబెట్టింది అనంతగిరి మండలంలో మొదలైన సమత కేసు. 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని తేల్చింది. ఆ తీర్పు పూర్తిగా చదవని విద్యార్థి ఏజెన్సీ అభివృద్ధి మీద డిబేట్‌లో మాట్లాడకూడదని నా అభిప్రాయం.

"దళితుడివి, ఆదివాసీ కొండల గురించి నీకెందుకు" అని అప్పుడప్పుడు వినపడుతుంది. కోరాపుట్‌లో డొంబులు షెడ్యూల్డ్ కులం. గీత దాటి మన ఏజెన్సీలోకొస్తే, వాళ్లకు దగ్గరివాళ్లని పరిశోధకులు రాసిన వాల్మీకులు షెడ్యూల్డ్ తెగ. కాగితం మారితే మనిషి మారతాడా? ఆనకట్ట కింద మునిగిన ఊళ్లలో డొంబులకు చాలాచోట్ల భూమి పట్టా ఉండదు కాబట్టి నష్టపరిహారం లెక్కలోకే రారు. డోలీ మోసే భుజానికి కులం సర్టిఫికెట్ అడ్డురాదు. ఇది నా విషయమే.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్న. బాబాసాహెబ్ దగ్గరికి వెళ్తాను, వేరే దారి నాకు తెలియదు. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం తెచ్చారు. ప్రజల సొమ్ముతో కట్టిన, నడిచే చెరువులు, బావులు, సత్రాలు, బళ్లు అంటరానివాళ్లకూ తెరవాలని. మహద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చవదార్ చెరువు మనదైపోయింది. కానీ ఒక్కరూ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టాకే అది ప్రజల చెరువయింది. జయపురం గేటు దగ్గర ఎవరూ కులం అడగరు, నిజమే. అక్కడ కాపలా ఉన్నది ధర. దానికంటే ముందు, కొండ మీది ఊరికీ ఆ గేటుకీ మధ్య లేని రోడ్డు. బోలే తీర్మానంలో అసలు పట్టు 'ప్రజల సొమ్ముతో' అన్న మాటలో ఉంది. మన సుంకం, మన పన్ను, మన భూమి ఉన్న చోట అడిగే హక్కు మనకుంది.

అడవి బిడ్డలకు విమానమెందుకు, వాళ్ల సంస్కృతి చెడుతుంది అనే మేధావుల్ని నేను భరించలేను. వాళ్లు మాత్రం ఢిల్లీ సెమినార్‌కు ఎగిరే వెళ్తారు. పాపువా న్యూగినీ కొండల్లో ఇదే కారవాన్ రకం విమానం గడ్డి నేలల మీద దిగి రోగుల్ని, గర్భిణుల్ని, మందుల్ని, కాఫీ మూటల్ని మోస్తుంది. ఆస్ట్రేలియాలో ఎగిరే డాక్టర్ల సర్వీసు 1928లోనే క్లోంకరీ అనే చిన్న ఊరి నుంచి మొదలైంది. అక్కడ ముందు అడిగింది ఎంతమంది టికెట్ కొంటారని కాదు. డాక్టరు ఎన్ని గంటల్లో చేరాలని. విమానం అదే. అడిగిన ప్రశ్న వేరు.

కాబట్టి తమ్ముడూ, నా జవాబు ఇది. విమానం ఉండనీ. ప్రజల డబ్బు ఇస్తున్నంత కాలం ఆ 9 సీట్లలో ఒకటి పాముకాటు మనిషికి, బాలింతకు, క్యాన్సర్ రోగికి టికెట్ లేకుండా ఉండాలని రెండు రాష్ట్రాల మనవాళ్లూ అడగాలి. ఏ రోజు ఎంతమంది ఎక్కారు, ఎన్ని రోజులు ఎగరలేదు, ఎంత సబ్సిడీ ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగాలి. అదే అర్జీలో రెండో కాగితం పెట్టాలి. మన మండలంలో రోడ్డు లేని ఊళ్లెన్ని, ఒక్కో ఊరికి రోడ్డు వేయడానికి ఎంత అంచనా, ఎన్నేళ్లుగా ఆ ఫైలు ఆగింది అని. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో 'అడవితల్లి బాట' మొదలుపెట్టారు. సుమారు ₹1,000 కోట్లతో వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్లు అన్నారు. ఏ ఊరు ఆ జాబితాలో ఉంది, ఏది లేదు, వేసిన రోడ్డు మొదటి వానకు నిలిచిందా అన్నది మీ ఊళ్లకు పండక్కి వెళ్లినప్పుడు మీరే రాసుకుని రండి. కిలోమీటరు రాళ్ల దగ్గర ఫొటో తీయండి, తేదీ కనపడేలా.

వచ్చే భాగం గురుప్రియ వంతెన మీద. బలిమెల జలాశయం చుట్టుముట్టి 151 ఊళ్లను మిగతా లోకం నుంచి కోసేసింది. 910 మీటర్ల వంతెన 2018 జులైలో తెరిచారు. ఆ మధ్య కాలంలో ఆ ఊళ్ల మనుషులు ఎలా దాటారో రాస్తాను.

జై భీమ్.